పొత్తు చేతికొచ్చేదాకా

స్వీట్ కార్న్ మొక్క మోకాలెత్తుకు వచ్చేసరికి నడినెత్తిన లేతాకులు ఒకదాన్నొకటి చుట్టుకుని సుడి కడతాయి. పొద్దున్నే, ఎండ ముదరకముందు, ఆ సుడిని రెండు వేళ్లతో మెల్లిగా విప్పి లోపలికి చూడండి. లేత పసుపుపచ్చ ఆకు తప్ప ఇంకేమీ కనిపించకపోతే ఆ మొక్కకు ఆ పూటకి ఢోకా లేదు. తడిసిన రంపపు పొట్టులాంటిది ముద్దముద్దగా కనిపిస్తే మాత్రం లోపల ఎవరో కాపురం పెట్టేశారు. ఆ పొట్టంతా పురుగు పెంట. పుల్లతో దాన్ని పక్కకు తోస్తే అడుగున గోధుమ రంగు పురుగు ముడుచుకుని ఉంటుంది. తల మీద తిరగేసిన ఇంగ్లిషు 'వై' ఆకారంలో తెల్లటి గీత, తోక దగ్గర చివరి నుంచి రెండో ఖండం మీద చతురస్రంగా నాలుగు నల్లటి చుక్కలు. ఈ రెండు గుర్తులూ ఉంటే అది కత్తెర పురుగే, సందేహం అక్కర్లేదు.

ఆకుల మీద అడ్డంగా, ఒకే వరుసలో చిల్లులు పడటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. పురుగేమీ కొలత పెట్టి కొరకలేదు. ఆకు చుట్టగా ఉన్నప్పుడే ఒక్కచోట తొలుచుకుంటూ అవతలికి పోయింది. ఆ చుట్ట విప్పుకున్నాక ఒక్క బెజ్జమే ఆరేడు చిల్లులై కనిపిస్తోంది. అంటే మన కంటికి చిల్లులు ఆనేనాటికే పని జరిగి కొన్ని రోజులు దాటిపోయింది.

స్వీట్ కార్న్ కాపాడుకోవడంలో కిటుకంతా ఇక్కడే ఉంది. ఈ పంటకు పేరుమోసిన శత్రువులైన పురుగులు బయట తిరిగేది బహు కొద్దిరోజులే. తర్వాత సుడిలోకో, కాండంలోకో, పొత్తులోకో దూరిపోతాయి. దూరాక ఏ మందు కొట్టినా వాటి ఒంటి మీద చుక్క పడదు. ఆ కొద్దిరోజులూ ఎప్పుడో, అప్పుడు అవి మొక్కలో ఎక్కడుంటాయో తెలిస్తే సగం పని అయినట్టే. నాలుగెకరాల రైతు ప్రతి సుడిలోకీ తొంగిచూడలేడు, అందుకే ఆయనకు స్ప్రేయర్ తప్పదు. పెరట్లోనో మిద్దె మీదో నలభై మొక్కలు పెట్టుకున్నవాళ్లకు అది పావుగంట పని. పొలానికి రాసిచ్చిన మందుల చీటీని పెరటికి తెచ్చుకోవడం అనవసరమనే నేనంటాను. ఈ పొత్తును మనం ఎండబెట్టి మరకు పంపం. పీచు వచ్చిన మూడు వారాలకే కోసి, ఉడకబెట్టి పిల్లల చేతిలో పెడతాం.

అసలు ఈ పంటకే ఎందుకింత గిరాకీ? మామూలు మొక్కజొన్న గింజ పాలుపోసుకునేటప్పుడు ఆకుల్లో తయారైన చక్కెర గింజలోకి చేరి పిండిగా మారిపోతుంది. ఆ మార్పును నడిపించే ఎంజైములలో ఒకటి కుంటుపడిన మొక్కలే తీపి మొక్కజొన్నలు. ఇప్పుడు విత్తనాల షాపుల్లో దొరికే సూపర్ స్వీట్ హైబ్రిడ్లలో చాలావాటికి మూలం 'ష్రంకెన్-2' అనే జన్యులోపం. అది ఉన్న గింజలో చక్కెర ఎంత పేరుకుంటుందో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ 1953లో ప్రకటించాడు. ముడుచుకుపోయిన గింజ అనే అర్థానికి తగ్గట్టే ఈ విత్తనం ఎండాక నొక్కుకుపోయి, చేతిలో పోసుకుంటే బరువు తెలియదు. పిండి తక్కువ కాబట్టి మొలకకు తిండీ తక్కువే. ఇక్కడే మొదటి చిక్కు. మామూలు మక్కగింజ రెండంగుళాల లోతు నుంచి కూడా మట్టి చీల్చుకుని వస్తుంది. తీపి గింజను అంగుళం కన్నా లోతుకు తోశామంటే దారిలోనే నీరసపడుతుంది. నీళ్లు నిలిచే మట్టిలోనైతే మొలవకముందే కుళ్లుతుంది. నెమ్మదిగా మొలిచేది ఏదైనా ఎలుకలకూ ఉడతలకూ ఎక్కువ రోజులు అందుబాటులో ఉన్నట్టే.

మొలకలను కాకులు, గోరింకలు పీకి పారేస్తున్నాయని మిద్దెతోటల వాళ్లు తరచూ వాపోతుంటారు. పక్షికి కావాల్సింది మొలక కాదు, దాని కింద మట్టిలో నానిన గింజ. మొలక జానెడు ఎత్తు అయ్యేసరికి గింజలో సత్తువ అయిపోతుంది, దాని జోలికి ఎవరూ రారు. ఆ రెండు వారాలూ ట్రేల మీద, కుండీల మీద సన్నకన్నుల జాలీ బోర్లిస్తే చాలు. ఇంతకుమించి దీని గురించి చెప్పుకోవలసింది లేదు.

కత్తెర పురుగు మన దగ్గర పాతకాపు కాదు. అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు దాని పుట్టిల్లు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలల్లో శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. ఆ ఏడాది తిరక్కుండానే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలల్లోనూ దిగిపోయింది. రెక్కలొచ్చాక గాలివాటున ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగల జీవి అది. మూడొందల యాభైకి పైగా రకాల మొక్కల మీద బతకగలిగినా మొక్కజొన్న అంటే దానికి ప్రాణం.

ఆడపురుగు రాత్రివేళ ఆకు మీద ఒక్కో కుప్పకు వంద నుంచి రెండొందల గుడ్లు పెట్టి, వాటి మీద తన ఒంటి పొలుసులను నూగులా కప్పి పోతుంది. అదేదో బూజు మచ్చ అనుకుని మనం చూసీ వదిలేస్తాం. మన ఎండలకు రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పుట్టిన పిల్లలు ముందు ఆకు పచ్చదనాన్ని ఒకవైపు గీకి తింటాయి, అవతలి పొర మాత్రం పల్చగా, కాంతి ప్రసరించేలా మిగులుతుంది. తర్వాత నోటి నుంచి దారం వదిలి గాలికి ఊగుతూ పక్క మొక్కల మీదికి చెదిరిపోతాయి. ఒక్కో సుడిలో చివరకు మిగిలేది ఒకటీ అరా. ఎందుకంటే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ పురుగు ఆరు దశల్లో పెరుగుతుంది. మొదటి మూడు దశల్లో తినేది నామమాత్రం. తినాల్సిన ఆకులో సింహభాగం చివరి రెండు దశల్లోనే మాయమవుతుంది. కాబట్టి మన చేతిలో ఉన్నది గుడ్డు పెట్టిన రాత్రి నుంచి వారం పది రోజులు.

ఆ వారంలో చేయగలిగింది చాలా ఉంది. వారానికి రెండుసార్లు ఆకుల అడుగు చూసి, నూగు కప్పిన గుడ్ల కుప్ప కనిపిస్తే ఆ ఆకుముక్క తుంచి నలిపేయడం అన్నిటికన్నా మేలు. ఒక్క నలుపుతో నూట యాభై పురుగులు పోతాయి, ఏ మందుకూ అంత బలం లేదు. మొక్క మొలిచిన తొలి నెలలో పొడి ఇసుక తొమ్మిది పాళ్లు, సున్నం ఒక పాలు కలిపి సుడిలో చిటికెడు చొప్పున వేయమని మన దేశపు మొక్కజొన్న శాస్త్రవేత్తలే సిఫార్సు చేశారు. సుడిలో ఇసుక పడితే మెత్తటి ఒంటి పురుగుకు అక్కడ నిలవడం కష్టం. లాటిన్ అమెరికాలో, ఆఫ్రికాలో చిన్నకారు రైతులు మట్టి, ఇసుక, బూడిదతో ఇదే పని ఎప్పటినుంచో చేస్తున్నారు. మందే కావాలంటే 1500 పీపీఎం వేపమందు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుకు ఆకు మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం సరిగా విడవనివ్వదు. కానీ ఎండకు త్వరగా విరిగిపోతుంది, ఎదిగిన పురుగు మీద పెద్దగా పనిచేయదు. సాయంత్రం పూట, చిన్న పురుగుల మీద, సుడిలోకి దిగేలా కొడితేనే డబ్బు దండగ కాదు.

మనం ఇంత చేస్తుంటే మొక్క చేతులు ముడుచుకుని కూర్చుందా? కూర్చోలేదని తేలడం మొక్కజొన్న పరిశోధనలోకెల్లా అందమైన కథ అని నా అభిప్రాయం. అమెరికాలో టెడ్ టర్లింగ్స్, జేమ్స్ టమ్లిన్సన్, జో లూయిస్ 1990లో ఒక సంగతి బయటపెట్టారు. పురుగు కొరికిన మొక్కజొన్న మొలక కొన్ని గంటల్లో గాలిలోకి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. కత్తెర పురుగు జాతికే చెందిన పురుగులను వెతుక్కుంటూ తిరిగే ఒక చిన్న కందిరీగ ఆ వాసన పట్టుకుని వచ్చి వాలుతుంది, పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు ఆ పురుగును లోపలి నుంచి తినేస్తాయి. ఆకును బ్లేడుతో కోసినంత మాత్రాన మొక్క అంత గట్టిగా వాసన వదల్లేదు. కోసిన చోట పురుగు ఎంగిలి పూస్తే వదిలింది. ఎంగిలిలో ఏముందో 1997లో తేల్చారు, దానికి వొలిసిటిన్ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, అందులో ఒక ముక్క పురుగుది, రెండోది అది తిన్న ఆకులోని కొవ్వు ఆమ్లం. తన ఒంట్లోంచి పోయిన పదార్థం పురుగు నోట్లో రూపు మారి తిరిగొచ్చినప్పుడు మొక్క దాన్ని పసిగట్టి కందిరీగలకు కబురు పెడుతోంది.

ఈ కబురు అందుకోవడానికి పెరట్లో కందిరీగలు ఉండాలి కదా. ఇవి మనల్ని కుట్టేవి కావు, దోమ కన్నా పెద్దగా ఉండవు. పెద్ద కందిరీగ పురుగును పట్టుకుపోతే ఈ చిన్నది పురుగు ఒంట్లోనే వంశం పెంచుకుంటుంది. దాని తిండి మాత్రం పూలలోని తేనె. పక్కనే కొత్తిమీరను, సోంపును పూతకు వదిలేసిన మడి ఒకటి ఉంటే అవి అక్కడే తచ్చాడతాయి. ఆకు మీద చచ్చినట్టు పడివున్న పురుగు, దాని పక్కన బియ్యపు గింజలో సగం ఉండే తెల్లటి నూలు గూళ్లు కనిపిస్తే వాటిని తుడిచేయకండి. రేపటి కాపలావాళ్లు ఆ గూళ్లలోనే ఉన్నారు. ఘాటైన మందు ఒక్కసారి కొడితే ముందు పోయేది వీళ్లే, సుడి అడుగున దాక్కున్న పురుగు కాదు.

కాండం తొలుచు పురుగు మనకు పాత శత్రువు, కత్తెర పురుగు వచ్చాక దాని మాట కాస్త వెనకబడింది. దాని గుడ్లు ఆకు అడుగున పొలుసుల్లా ఒకదానిపై ఒకటి ఒరిగి, బల్లపరుపుగా ఉంటాయి. పిల్లలు కొన్నాళ్లు సుడిలో ఆకు గీకి, ఆపైన కాండంలోకి దిగుతాయి. మొక్క చిన్నదైతే నడి మొవ్వు ఎండిపోతుంది, పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొస్తుంది. అలాంటి మొక్కను మొదలంటా పీకి, చీల్చి, పురుగును చంపేయడమే. మొవ్వులో గుళికలు వేసే పాత అలవాటు పొలాల్లో ఉంది. ఆ మందు మొక్క ఒంట్లోకి పాకుతుంది కాబట్టి ఇంటి పంటకు దాని ఊసే వద్దు. ట్రైకోగ్రామా కార్డులు దొరికితే మొక్కలకు రెండు వారాల వయసులో ఆకులకు పిన్ను చేయొచ్చు. కార్డు మీద అతికించిన గుడ్లలోంచి వచ్చే అతిచిన్న కందిరీగలు ఈ పురుగు గుడ్లను వెతికి పాడు చేస్తాయి.

యాభై రోజులు దాటాక కథ పొత్తు దగ్గరికి మారుతుంది. జల్లు నుంచి పుప్పొడి రాలుతుంది, పొత్తు కొసన పట్టులాంటి పీచు బయటపడుతుంది. ఆ పీచులో ఒక్కో పోగు పొత్తులోని ఒక్కో గింజకు అంటుకుని ఉంటుంది. ప్రతి పోగు మీదా పుప్పొడి రేణువు పడాలి, దాని నాళం ఆ పోగు పొడవునా లోపలికి పాకాలి, అప్పుడే అక్కడ గింజ కడుతుంది. కుండీలను గోడ వెంట ఒకే వరుసలో పెడితే పుప్పొడి గాలికి పోయి, పళ్లూడిన పొత్తులు వస్తాయి. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు చొప్పున చదరంగా పెట్టడం అందుకే. గింజ పట్టనప్పుడు తప్పు పురుగు మీద వేస్తుంటాం. చాలాసార్లు తప్పు మన వరుసలది.

సరిగ్గా ఈ లేత పీచు మీదే శనగపచ్చ పురుగు తల్లి ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. శనగ, కంది, పత్తి, టమాటా దేన్నీ వదలని పురుగు ఇది. మూడు రోజుల్లో పిల్ల బయటికొచ్చి పీచు వెంట లోపలికి జారుకుంటుంది. ఇక అది పొత్తు కొసలో గింజలు తింటూ కూర్చుంటుంది. ఇదీ తన జాతిని తినే రకమే కాబట్టి పొత్తుకు సాధారణంగా ఒకటే మిగులుతుంది. కొస రెండంగుళాలు కోసి పారేస్తే మిగతా పొత్తు శుభ్రంగా తినొచ్చు, అమ్ముకునేవాళ్లకు నష్టం కానీ ఇంటికేం కాదు. అదీ నచ్చకపోతే అమెరికా తోటమాలులు చేసే పని ఉంది. పీచు బయటపడిన అయిదారు రోజులకు, దాని కొసలు వాడి గోధుమ రంగుకు తిరుగుతుండగా, పొత్తు కొసన పీచు మధ్యలో అర మిల్లీలీటరు వంటనూనె చుక్కలు వేస్తారు. నూనెలో బీటీ మందు కలిపి ఇలా వేసే పద్ధతిని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు సేంద్రియ రైతుల కోసం పరీక్షించారు. రెండు రోజులు ముందుగా వేస్తే నూనె పుప్పొడిని కూడా అడ్డుకుంటుంది, కొసన గింజ పట్టదు. ఆలస్యం చేస్తే పురుగు అప్పటికే లోపల ఉంటుంది. మందుల దుకాణంలో దొరికే డ్రాపర్ చాలు.

బీటీ అనగానే మనకు పత్తి గుర్తొస్తుంది. పత్తిలోకి ఏ బాక్టీరియా జన్యువును ఎక్కించారో ఆ బాక్టీరియానే పొడిగానో ద్రవంగానో మందుల దుకాణాల్లో అమ్ముతారు. దీన్ని మొదట పట్టుకున్నది జపాన్‌లో, 1901లో, అదీ పట్టుపురుగులను చంపే రోగంగా. తర్వాత 1911లో జర్మనీలోని థురింగియా ప్రాంతంలో మళ్లీ దొరికింది, బాసిల్లస్ థురింజియెన్సిస్ అన్న పేరు అలా వచ్చింది, బీటీ దానికి పొట్టిపేరు. పురుగు దాన్ని ఆకుతో పాటు మింగాలి. క్షార గుణమున్న పురుగు పేగులో దాని ప్రోటీన్ స్ఫటికాలు కరిగి పేగు గోడకు బెజ్జాలు పెడతాయి. కొన్ని గంటల్లో మేత ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో పురుగు చస్తుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ ప్రోటీన్ పట్టుకునే కొక్కేలు మన పేగులకు లేవు, అందుకే మనకు హాని లేదు. లీటరుకు 2 గ్రాములు, పొద్దు వాలాక కొట్టాలి. హిందూపురం, మదనపల్లె వైపు పక్కనే మల్బరీ తోటలున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. పట్టుపురుగుకు, కత్తెర పురుగుకు తేడా దానికి తెలియదు.

జల్లు మీద నల్లగా, జిగటగా పేనుబంక కమ్ముకుంటే కంగారు పడక్కర్లేదు. నాలుగు అక్షింతల పురుగులు చేరాయంటే వారంలో లెక్క తేలుస్తాయి. పుప్పొడి రాలేటప్పుడు పొద్దున్నే తేనెటీగలు జల్లు మీదే ఉంటాయి, ఆ రోజుల్లో దాని మీద వేపనూనె కూడా కొట్టొద్దు.

పురుగుల నుంచి గట్టెక్కిన పొత్తు చిలుకల వంతుకు వస్తుంది. వెనకటికి జొన్నచేలో మంచె వేసి, ఒడిసెల తిప్పుతూ పొద్దుపొడుపు నుంచి కాపలా కాసేవారు. రామచిలుక వచ్చేది కూడా తెల్లవారుజామునా, మునిమాపునా. పొత్తు కొస చీల్చి, నాలుగు గింజలు కొరికి, ఇంకో పొత్తుకు పోతుంది, తిన్నదానికన్నా పాడు చేసింది ఎక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది కాబట్టి పట్టడం, కొట్టడం కుదరవు. పీచు పూర్తిగా ఎండాక, అంతకుముందు కాదు, పొత్తుకు కాగితం సంచి తొడిగి కింద దారం కట్టాలి. ప్లాస్టిక్ కవరైతే చెమట పట్టి బూజొస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పక్షిశాస్త్రం మీద పనిచేసే విభాగం ఒకటుంది. ఎరుపూ వెండీ రంగుల మెరుపు రిబ్బన్ కట్టడం, పొత్తు పక్కనున్న పచ్చి ఆకులనే దాని చుట్టూ తిప్పి చిలుక కంట పడకుండా దాచడం లాంటివి వాళ్లు రైతులకు చెప్పే పద్ధతులే. ఆకు చుట్టడానికి పైసా ఖర్చు లేదు, నలభై మొక్కలకు అంతకన్నా మంచి ఉపాయం నాకు కనిపించలేదు. రిబ్బన్‌కు పక్షులు త్వరగా అలవాటు పడతాయి, కోతకు రెండు వారాల ముందు కడితే చాలు. ఉడతకు కాగితం ఒక లెక్క కాదు, దానికి ఇనుప జాలీని గొట్టంగా చుట్టి పొత్తుకు తొడగాల్సిందే. కోతుల మూక దిగే ఊళ్లలో ఇవేవీ పనిచేయవు, పైకప్పు కూడా ఉన్న జాలీ గదిలో తప్ప స్వీట్ కార్న్ వేయకపోవడమే మంచిది.

పీచు వచ్చిన పద్దెనిమిది నుంచి ఇరవై రెండు రోజుల మధ్య పైపొర కొద్దిగా తీసి గింజను గోటితో గిచ్చితే పాలలాంటి రసం చిమ్మాలి. నీళ్లలా వస్తే ఇంకా ఆగాలి, పిండిలా వస్తే ఆలస్యమైంది. అదను దాటాక ఉంచిన ప్రతి రోజూ తీపీ తగ్గుతుంది, చిలుకకు ఇంకో పూట భోజనమూ దొరుకుతుంది.

ఇక్కడ ఇంటి పంటకే ప్రత్యేకమైన తగువు ఒకటుంది. అన్ని పొత్తులూ ఒకేసారి వస్తే ఎవరు తింటారని వారానికొక మడి చొప్పున విత్తుతాం. వంటింటికి అది బాగానే ఉంటుంది, కత్తెర పురుగుకు ఇంకా బాగుంటుంది. నెల రోజుల్లో ఒక తరం పూర్తి చేసుకునే పురుగుకు, పాత మడి ముదిరేసరికి పక్కనే లేత సుడులు సిద్ధంగా ఉంటాయి. నేనైతే రెండు విడతలకు మించి వేయొద్దంటాను. రెండో విడత పెరటికి అవతలి పక్కన ఉండాలి. మొదటి విడత పొత్తులు కోసిన రోజే చొప్పను వేళ్లతో సహా పీకి పశువులకు వేయాలి, లేదా చిన్న ముక్కలుగా నరికి కంపోస్టులో లోతుగా కప్పాలి. కాండం తొలుచు పురుగు ఎండాకాలమంతా ఆ కొయ్యకాళ్లలో కదలకుండా పడుకుని తొలకరికి లేస్తుంది. కత్తెర పురుగు కోశస్థ దశ మట్టిలో రెండు మూడంగుళాల లోతున ఉంటుంది. మడిని ఒకసారి తిరగదోడి రెండు రోజులు వదిలేస్తే గోరింకలు, నల్లంచి పిట్టలు వచ్చి ఏరుకుంటాయి. కుండీ మట్టినైతే పట్టా మీద పల్చగా పరిచి ఎండబెట్టి, మళ్లీ నింపి, ఈసారి అందులో బెండో గోరుచిక్కుడో వేసుకోవచ్చు.